రోజుకో రూపాయి, నెలకో తీర్మానం

రాత్రి ఎనిమిది దాటితే గానీ పొదుపు సంఘం కూడదు. గేదెలకు మేత వేయాలి, మగవాళ్లకు వడ్డించాలి, గిన్నెలు తోముకోవాలి. అవన్నీ అయ్యాక ఒక్కొక్కరే కొంగుతో చేతులు తుడుచుకుంటూ వస్తారు. కనిగిరి వైపు మెట్ట ఊరది. మా పిన్నివాళ్ల వసారాలో ప్లాస్టిక్ పట్ట పరిచారు. పదకొండు మందిలో తొమ్మిది మంది చేరారు. పదో ఆమె కూతురి కాన్పుకని ఒంగోలు వెళ్లింది. పదకొండో ఆమె వీధి చివర ఇంట్లోనే ఉంది, రాలేదు. ఎందుకు రాలేదో అందరికీ తెలుసు. రెండు కిస్తీలు బాకీ.

పిన్ని రెండో లీడరు. లోపలినుంచి రేకుపెట్టె తెచ్చింది. పెట్టె ఒకరింట్లో ఉంటే తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండాలన్నది వాళ్ల కట్టుబాటు. అందుకని తాళంచెవి ఎదురింట్లో ఉండే మొదటి లీడరు కొంగుముడిలోంచి వచ్చింది. ఇప్పుడు డబ్బంతా బ్యాంకులోనే కాబట్టి పెట్టెలో ఉండేది పుస్తకాలు: పాస్‌బుక్కుల కట్ట, లెడ్జరు, ఇంకుప్యాడు, అట్ట ఊడిపోయిన తీర్మానాల పుస్తకం. పాత పుస్తకాల్ని కూడా పారేయలేదు. తిరగేస్తే మొదటి పేజీల నిండా వేలిముద్రలు. పోను పోను కొన్ని ముద్రల చోట వంకర టింకర సంతకాలు మొదలయ్యాయి. ఒకామె తన పేరులో ‘క్ష్మి’ రాయడం ఎన్ని నెలలకు వంటబట్టిందో ఆ పేజీల్లో వరసగా చూడొచ్చు.

“ఎవురన్నా పోయి పిలుచుకు రాండి” అంది పిన్ని.

“పిలిచినా రాదులే వదినా. సిగ్గు.”

“సిగ్గేంది? గేదె చచ్చిపోయిందని మనకు తెలీదా?”

ఇద్దరు లేచి వెళ్లారు. పావుగంట తర్వాత ఆమె వచ్చి పట్ట మీద కూర్చోకుండా గడప దగ్గరే ఆగిపోయింది. మాటలు ఒక పట్టాన తెమల్లేదు. ఒకామె గట్టిగా కోప్పడింది, ఇంకొకామె తన కొడుకు ఆస్పత్రి ఖర్చప్పుడు సంఘం ఆగిన సంగతి గుర్తు చేసింది. చివరికి రెండు కిస్తీలు వెనక్కి జరిపారు. వడ్డీ మాత్రం వదల్లేదు. “నీకు వదిలితే రేపు నాకూ వదలాల” అంది మొదటి లీడరు. దాంట్లో ఎవరికీ తప్పు కనబడలేదు, బాకీ ఉన్నామెకు కూడా.

పల్లెల పేదరికం మీద పాతికేళ్లుగా రాస్తున్నాను. కలెక్టరేట్లలో చూపించే లెక్కల తెరలు చాలా చూశాను. ఎన్ని సంఘాలు, ఎన్ని కోట్ల బ్యాంకు లింకేజీ, ఎంత శాతం రికవరీ అన్నవే వాటిలో ఉంటాయి. ఆ వసారాలో జరిగిన ముప్పావు గంట ఏ తెర మీదా కనబడదు. అసలు పని జరిగేది మాత్రం అక్కడే అని నాకు ఏటికేడు గట్టిపడుతున్న నమ్మకం. ఈ కథనం ఆ తీర్మానాల పుస్తకం గురించి.

*

ఈ సంఘాల మొదలు సారా దగ్గరుంది. 1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ‘అక్షర దీపం’ వెలిగింది. రాత్రిబడులు పెట్టారు. పగలంతా కలుపు తీసిన ఆడవాళ్లు లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దారు. చదువుతో పాటు మాట్లాడుకోవడానికి ఒక చోటు దొరికింది. మాటల్లో ప్రతి ఇంటి కష్టమూ ఒకే చోటికి వచ్చేది: మగవాడి కూలి సారా కొట్టుకు పోతోంది. ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు కట్టగట్టుకుని వెళ్లి ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వాళ్లలో ముందు నిలబడిన వర్ధినేని రోశమ్మ ఆ తర్వాత అందరికీ దూబగుంట రోశమ్మ అయింది. ఆ సంగతే కొత్తగా అక్షరాస్యులైనవాళ్ల వాచకంలో పాఠమైంది. ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్నది ఆ పాఠం పేరు. అది చదివిన పక్క ఊళ్ల వాళ్లు, దూబగుంటలో జరిగింది మన ఊళ్లో ఎందుకు జరగదన్నారు. ఒక పాఠ్యపుస్తకం ఇంత తొందరగా, ఇంత సూటిగా పనిచేయడం మరెక్కడా నేను చూడలేదు.

1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలంపాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే పోయింది. ఇంతవరకు అందరికీ తెలిసిన చరిత్రే. దాని తోకగా వచ్చినది మాత్రం నిలబడింది. సారా కొట్టుకు పోకుండా ఇంట్లో మిగిలిన డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుందామన్నారు. నెల్లూరులో దానికి ‘పొదుపులక్ష్మి’ అని పేరు పెట్టారు. కొట్లాట అయిపోయాక జనం ఇళ్లకు పోతారు. నెలకోసారి మళ్లీ కూడడానికి ఆ రూపాయి ఒక సాకు ఇచ్చింది.

అప్పటికే డ్వాక్రా ఉంది. గ్రామీణ మహిళలకూ పిల్లలకూ అని 1982లో కేంద్రం మొదలుపెట్టిన పథకం అది. గుంపులు కట్టించి కాస్త మూలధనం ఇచ్చేవారు. కుట్టుమిషన్లు, విస్తరాకులు, అప్పడాలు. చాలాచోట్ల ఆ డబ్బు అయిపోగానే గుంపూ అయిపోయేది. ఆ ఒట్టి చట్రంలో నెల్లూరు రూపాయి ప్రాణం పోసింది. 1999లో కేంద్రం ఆ పథకాన్ని వేరే పథకంలో కలిపేసింది. కాగితాల మీద డ్వాక్రా లేక పాతికేళ్లు దాటింది. మన ఊళ్లలో మాత్రం డ్వాక్రా సంఘం, డ్వాక్రా లోను, డ్వాక్రా బజారు, చివరికి ‘మా ఇంట్లో ఆమె డ్వాక్రాకు పోయింది’ అనేదాకా ఆ మాట తెలుగైపోయింది. తర్వాత వచ్చిన పేర్లేవీ దాన్ని కదిలించలేకపోయాయి.

*

ఊళ్లో వడ్డీని శాతాల్లో ఎవరూ చెప్పరు. నూటికి నెలకు ఎంత అన్నదే లెక్క. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. షావుకారు దగ్గర మూడు రూపాయలు, అంటే 36. అర్ధరాత్రి అవసరమైతే అయిదు, అంటే 60. ఇది తెలియకుండా సంఘం కథ అర్థం కాదు.

పది మంది రోజుకో రూపాయి దాస్తే నెలకు 300. ఏడాదికి 3,600. అంత చిన్న మొత్తంతో పేదరికం ఎక్కడ పోతుందని నవ్వినవాళ్లున్నారు. కానీ ఆ 300 పెట్టెలో పడుకోదు. ఆ రాత్రే ఎవరో ఒకరు తీసుకుంటారు, రెండ్రూపాయల వడ్డీకి. రెండ్రూపాయలంటే 24 శాతం, బ్యాంకు వడ్డీకి ఎంతో పైన. అయినా ఎవరూ కిమ్మనరు. షావుకారుకు కట్టిన మూడూ వీధి దాటిపోతాయి. సంఘానికి కట్టిన రెండూ మళ్లీ తమ పెట్టెలోకే వస్తాయి. వడ్డీ కట్టేదీ తానే, వడ్డీ తినేదీ తానే. దీన్ని అంతర్గత అప్పు అంటారు ఆఫీసుల్లో. ఊళ్లో ‘సంఘంలో తిప్పుకోవడం’ అంటారు, అదే మంచి మాట.

తిప్పుకునే డబ్బు పెరిగాక బ్యాంకు వచ్చింది. 1992లో నాబార్డు 500 సంఘాలతో ఒక ప్రయోగం చేసింది. రిజిస్ట్రేషన్ లేని, ఆస్తి లేని, తాకట్టు పెట్టడానికి పుస్తెలతాడు తప్ప ఏమీ లేని పదిమంది పేరు మీద ఖాతా తెరవడానికీ అప్పు ఇవ్వడానికీ రిజర్వు బ్యాంకు ఒప్పుకుంది. మేనేజరు తాకట్టుగా చూసింది తీర్మానాల పుస్తకం, లెడ్జరు. నెలనెలా కూడారా, దాచారా, తిప్పారా, తిరిగి కట్టారా, రాసుకున్నారా అన్న ఈ అయిదింటికే తర్వాత పంచసూత్రాలని పేరు పెట్టి గోడల మీద రాయించారు.

1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సంఘాల్ని ఊరి స్థాయిలో, మండల స్థాయిలో సమాఖ్యలుగా కట్టే పని జరిగింది. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆరు జిల్లాల్లో ‘వెలుగు’ మొదలైంది. దాన్ని నడపడానికి సెర్ప్ అనే సంస్థ పుట్టింది. వెలుగులో నాకు బాగా నచ్చిన పని ఒకటుంది: పేదలెవరో ఊరే తేల్చడం. రచ్చబండ ముందు ముగ్గుతో ఊరి పటం వేసి ఇంటింటినీ లెక్కపెట్టారు. రేషన్ కార్డు రంగు చూడలేదు. పూట గడిచేది ఎవరికి, పిల్లవాణ్ని జీతానికి పెట్టింది ఎవరు, అని అందరి ముందూ అడిగారు. అక్కడ అబద్ధం చెప్పడం కష్టం. పక్కింటామె ఊరుకోదు.

సమాఖ్యలు చేసిన వాటిలో పేరు రానివే ఎక్కువ పనికొచ్చాయి. వానాకాలం ముందు బియ్యం మొత్తంగా కొనుక్కొచ్చి సభ్యులకు అప్పు మీద ఇవ్వడం అలాంటిది. పనులు దొరకని నెలల్లో చిల్లరకొట్టులో ఎక్కువ ధరకు అరువు తెచ్చుకునే ఇంటికి అదెంత ఊరటో చెప్పనక్కర్లేదు. ఇంకొకటి వడ్ల కొనుగోలు. తెలంగాణలో ఇప్పటికీ రైతులు ధాన్యం కొనే చోటును ‘ఐకేపీ సెంటర్’ అనే అంటారు. వెలుగుకు తర్వాత పెట్టిన ఇందిర క్రాంతి పథం అన్న పేరు కూడా మారినా, కాంటా దగ్గర నిలబడి తూకం చూసేది సంఘం ఆడవాళ్లే. తూకం దగ్గర ఆడమనిషి నిలబడటం చిన్న మార్పేమీ కాదు. తరతరాలుగా ఆమె ఆ కళ్లంలో ఊడ్చింది, తూర్పారబట్టింది. కాంటా దగ్గరికి మాత్రం రానిచ్చేవాళ్లు కాదు.

*

సర్కారు సొమ్ము లేకుండా పొదుపు ఎంత దూరం పోగలదో చూడాలంటే ముల్కనూరు పోవాలి. పాత కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హన్మకొండ జిల్లా భీమదేవరపల్లి మండలం. అక్కడ 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి పెట్టించిన సహకార గ్రామీణ బ్యాంకు దేశమంతా ఎరిగినదే. విత్తనాలు, ఎరువులు, పంట అప్పు, పండిన పంట అమ్మకం అన్నీ రైతుకు ఒకే గడప దగ్గర జరుగుతాయి. అయితే అది పట్టాదారు పాస్‌బుక్కున్న వాళ్ల సంఘం. అంటే ఎక్కువగా మగవాళ్లది.

1990 నుంచి సీడీఎఫ్ అనే సంస్థ తోడ్పాటుతో ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు వేరుగా పొదుపు సహకార సంఘాలు కట్టుకున్నారు. సర్కారు సొమ్ము తీసుకోరాదన్నది నియమం. ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి, విసుగనుకోకండి. 1964 నాటి సహకార చట్టం కింద సంఘం పెట్టేది మీరు, పాలించేది రిజిస్ట్రారు. పాలకవర్గాన్ని తీసేయాలన్నా, ఎన్నికలు ఏళ్ల తరబడి ఆపాలన్నా సర్కారు చేతిలో పని. దాంతో విసిగినవాళ్ల పోరు ఫలించి 1995లో ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. దేశంలో అలాంటిది అదే మొదటిది. దాని కింద నమోదైన సంఘంలో సర్కారుకు వాటా ఉండదు, పెత్తనమూ ఉండదు. వాటాదారు ఎవరో పెత్తనం వాళ్లది.

ఆ చట్టం కిందే 2002 ఆగస్టులో ముల్కనూరు మహిళా డెయిరీ మొదలైంది. ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతారు. సభ్యులంతా ఆడవాళ్లే. పన్నెండేళ్లపాటు కొద్దికొద్దిగా దాచి, తిప్పి, లెక్కలు చూసుకుని, ఎన్నికలు పెట్టుకుని ఆరితేరాకే పాల జోలికి పోయారు. ఆ వరస ముఖ్యం. ముందు డెయిరీ కట్టి తర్వాత సభ్యుల్ని వెతికిన ఊళ్లు నాకు చాలా తెలుసు. ఆ షెడ్లలో ఇప్పుడు పందిళ్ల సామాను పెట్టుకుంటున్నారు.

ఒక పొద్దున ఆ ప్రాంతంలో పాలకేంద్రం దగ్గర నిలబడ్డాను. అయిదున్నరకే వరస. స్టీలు క్యాను, దాని మీద మూత, మూత మీద తడి గుడ్డ. పాలు పోసినామె కళ్లు క్యాను మీద లేవు, ఫ్యాట్ మిషను మీద ఉన్నాయి.

“ఎంతొచ్చింది?”

“ఆరున్నర.”

“నిన్న ఏడుండె గదా?”

“నిన్న పత్తిచెక్క పెట్టినవ్ గావచ్చు.”

ఆమె ఒక్క క్షణం ఆగి, “అవ్, ఇయ్యాల పెట్టలే” అని నవ్వి చీటీ తీసుకుంది. మిషను అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలుసు. ఆ మిషను తనదని కూడా తెలుసు. ఊళ్లోకి వచ్చి గుడ్డిగా లీటరు లెక్కన పోయించుకుపోయే పాలవాడి దగ్గర ఈ ప్రశ్న వేస్తే జవాబొచ్చేది కాదు. బర్రెను కొన్నది ఎవరైనా పాల బిల్లు మాత్రం ఆడమనిషి పేరునే వస్తుంది. “మరి మీ ఆయనేమంటాడు?” అన్నాను, అలవాటుగా. “ఏమంటడు? గడ్డి కోసుకొస్తడు” అంది వెనకామె. వరసంతా నవ్వింది.

*

ఇక మనకు నచ్చని భాగం.

రోజుకో రూపాయి నడక నెమ్మది. దాని పక్కనుంచే వేగంగా ఇంకో బండి వచ్చింది. సంఘాలుగా కూర్చోవడం, పేరుకు పేరు పూచీ పడటం ఆడవాళ్లకు అలవాటైపోయింది కదా, అదే అలవాటు మీద మైక్రోఫైనాన్స్ కంపెనీలు వ్యాపారం కట్టాయి. పొదుపు అడగరు, తీర్మానం అడగరు. అయిదుగురు వస్తే చాలు, వారంలో అప్పు. పైకి అదీ సంఘమే. కానీ పుస్తకం కంపెనీది, వడ్డీ పోయేది కంపెనీకి, కట్టలేని మనిషికి వాయిదా ఇచ్చే హక్కు పక్కన కూర్చున్న నలుగురికీ లేదు. ఆమె బదులు కట్టాల్సిన బాధ్యత మాత్రం ఉంది. పూచీ ఉంది, పెత్తనం లేదు. ఇరుగుపొరుగు వసూలు మనుషులైపోయారు.

2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని కంపెనీల శాఖలకు తాళాలు వేశారు. అయినా ఆగలేదు. 2010 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా నడిచే పెద్ద కంపెనీ ఒకటి షేర్ మార్కెట్టుకెక్కింది, మదుపరులు ఎగబడి కొన్నారు. అదే వానాకాలంలో పల్లెల నుంచి ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. ఒకే ఇంట్లో మూడు నాలుగు కంపెనీల అప్పులు, ఒకటి తీర్చడానికి ఇంకొకటి. అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత అదే చట్టమైంది. ఇంటి ముందు వసూలు చేయకూడదు, వారం కిస్తీ కుదరదు, నెలకోసారి పంచాయతీ ఆఫీసు దగ్గరో, కలెక్టరు చూపిన బహిరంగ చోటనో కట్టించుకోవాలి. వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. ఇప్పుడు మళ్లీ వస్తున్నారు. రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న సంస్థలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. సోమవారం పొద్దున బండి మీద, భుజాన సంచీ వేసుకుని వచ్చే కుర్రాణ్ని ‘వారం అబ్బాయి’ అంటున్నారు మా వైపు.

కంపెనీల్ని తిట్టి ఊరుకుంటే న్యాయం కాదు. అప్పు ఇవ్వడమే సాధికారత అన్న మాటను ముందు మొదలెట్టింది మనమే. 2004 తర్వాత పావలా వడ్డీ వచ్చింది, ఆ తర్వాత వడ్డీలేని రుణం. మేలే, కాదనను. కానీ సభ్యురాలు ఎంత దాచిందన్న ప్రశ్న పోయి ఎంత లోను వచ్చిందన్నది మిగిలింది. 2014లో ఎన్నికల ముందు మాఫీ మాట వినబడగానే ఏళ్లపాటు ఒక్క కిస్తీ తప్పని సంఘాలు కూడా ఆగాయి. ఆగినవాళ్లు తెలివైనవాళ్లు, కట్టినవాళ్లు పిచ్చివాళ్లు అయ్యారు. ఆంధ్రలో తర్వాత పసుపు–కుంకుమ అన్నారు, ఆ తర్వాత ఆసరా అన్నారు. తలా పదివేలో, అప్పు లెక్కనో ఖాతాలో పడింది. ఇంటికి పనికొచ్చిందా అంటే వచ్చింది. సంఘానికి? ఏ పార్టీ సభ జరిగినా జనాన్ని తోలుకురమ్మని మొదటి కబురు వచ్చేది సంఘం లీడర్లకే. నాయకుడి మీటింగుకు బస్సెక్కిన నెలలో తమ మీటింగు ఎత్తేసిన సంఘాలు చూశాను. పుస్తకంలో మాత్రం ఆ నెలా ‘అందరూ హాజరు’ అనే రాసి ఉంటుంది.

పుస్తకం అబద్ధమాడటం ఇంకో రకంగా కూడా ఉంది, దాని మీద నాకు పెద్ద కోపం లేదు. బ్యాంకు లోను కాగితంలో కారణం గడిలో ‘పాడి గేదె’ అని రాస్తారు. మన రెండు రాష్ట్రాల్లో ఆ కాగితాల మీది గేదెలన్నీ నిజంగా పాలిస్తే కాలవలు పారేవి. డబ్బు అబ్బాయి ఇంజనీరింగ్ ఫీజుకో, మోకాలి ఆపరేషన్‌కో, మూడ్రూపాయల పాత బాకీకో పోతుంది. అధికారులు దాన్ని దుర్వినియోగం అంటారు. అయిదు రూపాయల అప్పును రూపాయి అప్పుతో తీర్చిన ఇల్లు నెలకు ప్రతి నూటికీ నాలుగు రూపాయలు సంపాదించినట్టే. ఏ చేతివృత్తి శిక్షణా అంత తొందరగా అంత ఆదాయం ఇవ్వదు. ఆ గడిలో నిజం రాసుకోనిస్తే బాగుండు.

అయినా సంఘం కట్టే ఈ చదువును మనవాళ్లు ఎక్కడెక్కడికో మోసుకుపోయారు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ మొదలయ్యాక దేశంలో పది కోట్లకు పైగా ఇళ్ల ఆడవాళ్లు సంఘాల్లో చేరారు. మొదటి రోజుల్లో బిహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ పల్లెల్లో సంఘాలు కట్టించడానికి తెలుగు జిల్లాల నుంచి అనుభవమున్న సభ్యుల్ని పంపారు. సీఆర్పీలన్నారు వాళ్లను. పదో తరగతి కూడా దాటనివాళ్లు, రైలెక్కడమే తెలియనివాళ్లు, నెలా నెలన్నర అక్కడే ఉండిపోయేవారు. మా పిన్ని స్నేహితురాలొకామె అలా వెళ్లొచ్చింది. హిందీ రాదు కదా ఎట్లా చెప్పావంటే, చీరచెంగు ముడి విప్పి అందులోంచి నాణెం తీసి చూపించేదాన్నంది. ముసుగు కింద కూర్చున్న ఆ ఊరి కోడళ్లు కూడా తమ ముడులు విప్పి చూపించారట. ఎక్కడైనా ముడి ముడే.

*

వసారాలో మీటింగు అయిపోవచ్చింది. పుస్తకం రాసేది పిన్ని కోడలు, డిగ్రీ చదివింది. లెక్కలన్నీ గ్రామ సమాఖ్య సహాయకురాలు (వీఓఏ) వచ్చి ఫోన్లో కూడా ఎక్కిస్తుంది, అయినా పుస్తకం ఆపలేదు. ఫోన్లో ఎక్కించింది తమకు కనబడదని వాళ్ల ఫిర్యాదు. తీర్మానం రాయడం కాగానే చదివి వినిపించాలి. అమ్మాయి చదివింది: ‘సభ్యురాలి గేదె చనిపోయినందున, సంఘం సభ్యులు దయతలచి రెండు కిస్తీలు వాయిదా వేయుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.’

గడప దగ్గర కూర్చున్నామె అప్పటిదాకా తల ఎత్తలేదు.

“ఏందమ్మాయ్, మళ్లా చదువు.”

అమ్మాయి మళ్లీ చదివింది.

“దయతలచి ఏంది? ఆ మాట తీసెయ్. దాంట్లో నా పొదుపూ ఉంది. వడ్డీ కడతన్నా గదా?”

ఎవరూ మాట్లాడలేదు. పిన్ని నా వైపు చూసి, మళ్లీ కోడలి వైపు చూసి, “కొట్టెయ్” అంది. అమ్మాయి ఆ మాట మీద అడ్డగీత గీసింది. దిద్దుబాటు ఉన్నచోట సంతకం పడాలి, అది కూడా కట్టుబాటే. ఆమె గడప దగ్గరినుంచి లేచి వచ్చి పట్ట మీద కూర్చుంది. పెన్ను తీసుకుని, వెలుగు సరిపోక పుస్తకాన్ని బల్బు వైపు తిప్పుకుంది.